కొంగలు, గూడబాతులు, కెమెరా

పొందూరు ఖద్దరు తెలుపును గూర్చి వినని తెలుగు గృహము అరుదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, నూరవ నంబరు నూలు వడకు స్త్రీల మాటలను ధ్వనిముద్రణము చేయుటకు మేము ఆ యూరికి వెళ్ళితిమి. పని ముగిసిన పిదప, పత్రికలో వేయుటకు పనికివచ్చునని, పెరటిలో దండెముపై ఆరవేసిన పంచె నొకదానిని దగ్గరగా ఫోటో తీసితిమి. కెమెరా వెనుక తెరపై ఆ చిత్రమును చూచి ఆ యింటి పెద్దామె, “ఇది మా పంచి కాదు బావూ, మాసిపోయిన గుడ్డలాగున్నాది” అనెను. ఆమె పలికినది నిజము. ఉదయపుటెండలో కన్నులు మిరుమిట్లు గొల్పు తెలుపు చిత్రములో బూడిదరంగుగా మారినది.

మరునాటి వేకువను పొందూరు స్టేషనులో రైలెక్కి, నౌపడలో దిగి, తేలినీలాపురము చేరితిమి. టెక్కలికి సమీపమున నున్న ఈ చిన్న పల్లెలో చింతచెట్లపై ఏటేటా గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును గూళ్ళు పెట్టును. గూడబాతు ననగా పెలికన్. సెప్టెంబరు మొదలు వేసవి తొలినాళ్ళ వరకు అవి అచటనే యుండి పిల్లలను పెంచుకొని, నౌపడ తంపర భూములలోను, ఉప్పుటేరులలోను చేపలు పట్టుకొని తెచ్చును. ఇవి సైబీరియానుండి వచ్చునని ఊరిలోను, వార్తాపత్రికలలోను చెప్పుకొందురు. వినుటకు రమ్యమే గాని నిజము కాదు. ఈ రెండు జాతులును దక్షిణ, ఆగ్నేయాసియాలలోనే పుట్టి పెరుగునవి. చేప దొరకు తావును బట్టి దేశములోనే తిరుగును.

అచట మా కెమెరా విపరీత ధోరణి చూపెను. పొందూరులో తెలుపును మాపిన యంత్రమే ఇచట తెలుపును మండించినది. చింతాకుల చీకటి నడుమ కూర్చున్న కొంగ, ఈకల జాడ లేక, కత్తిరించి అతికించిన తెల్లకాగితమువలె వచ్చెను. లోపము దూరములో నున్నదనుకొంటిమి. దగ్గరకు పోయిన సరిపడునని చెట్టు మొదటికి నడిచితిమి. పది పన్నెండు పక్షులు ఒక్కసారిగా లేచినవి. గూళ్ళలో ఈకలైన మొలవని పిల్లలు మిగిలినవి. “ఆగండి బావూ! ఎండ తగిలితే ఆ గుంటలు బతకవు. కాకులు కూడా చూత్తన్నాయి” అని అరుగుమీది వృద్ధు డొకడు కేక వేసెను. మేము సిగ్గుతో వెనుదిరిగితిమి. పక్షులు తిరిగి వ్రాలుటకు చాల సేపు పట్టినది. ఆ సేపంతయు మేము తలయెత్తి చూడలేకపోతిమి.

కెమెరాపై మూడంకెలను సరిగా నిర్ణయింపలేని వాని అజ్ఞానమునకు పక్షిపిల్ల మూల్యము చెల్లించుట యెట్లో ఆనాడు మాకు బోధపడెను. తరువాత పుస్తకములు తిరుగవేయగా, పక్షి ఛాయాగ్రహణ చరిత్ర యంతయు ఈ సంగతిచుట్టునే తిరుగుచున్నట్లు కనబడినది. ఆ మూడంకెలు ఎంతవరకు అనుమతించునో అంత దూరముననే మనిషి నిలువగలిగెను.

మూడంకెలు ఏవన, ఒకటి షట్టరు తెరచియుండు కాలము. రెండవది లెన్సు ద్వారము వెడల్పు, దీనిని ఎఫ్ సంఖ్యతో చెప్పుదురు. మూడవది ప్లేటు గాని, ఫిలుము గాని, నేటి యెలక్ట్రానిక్ ఫలకము గాని వెలుతురునకు చూపు చురుకుదనము, దీనికి నేడు ఐ.ఎస్.ఓ. అని పేరు. ఈ మూడింటిలో దేనిని సవరించినను, వెలుతురు మోతాదు చెడకుండుటకు తక్కిన రెంటిలో నొకదానిని సవరింపవలసియుండును. మొదటి కాలములో మూడవ అంకె మిక్కిలి చిన్నది. తడి కలోడియన్ ప్లేటుకు ఎండలోనైనను కొన్ని సెకనుల వెలుతురు కావలెను. కొన్ని సెకనులు కదలక నిలుచు పక్షి యేది? దానికి సమాధానము కొంగయే. 1870లో బోస్టను వాసి ఛార్లెస్ హ్యూయిన్స్ స్ట్రాస్‌బర్గు నగరములో గూటిపై నిలిచిన తెల్లకొంగను చిత్రించెను. సజీవ పక్షుల ఛాయాచిత్రములలో తొలివానిగా పేర్కొనబడువానిలో ఇది యొకటి. మన చింతచెట్లపై నిలుచు ఎర్రకాళ్ళ కొంగ ఆ కుటుంబములోనిదే. తపస్సు చేయు కొంగను మనవారు వేళాకోళము చేయుదురు గాని, ఛాయాగ్రాహకునకు ఆ తపస్సే వరమైనది.

మరుసటి యేట, అనగా 1871లో, రిచర్డ్ లీచ్ మాడాక్స్ అను ఆంగ్ల వైద్యుడు జెలటిను పూసిన పొడి ప్లేటును ప్రతిపాదించెను. ఆ దశాబ్దము ముగియునాటికి అది కర్మాగారములలో తయారై, సెకనులో నూరవ వంతును మించిన వేగమును సాధ్యము చేసెను. పక్షి ఎగురుచుండగా పట్టుట అప్పుడు మొదలైనది. ఫ్రాన్సులో శరీరశాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే 1882లో తుపాకి ఆకారముగల కెమెరాను చేయించెను. దాని మీట నొక్కిన, సెకనునకు 12 చిత్రములు పడును. ఒక్కొక్కదానికి తెరచియుండు కాలము సెకనులో 720వ వంతు. పక్షికి తుపాకి గురిపెట్టియు దాని ప్రాణము తీయని మొదటి మనుజు డీతడేమో యని మా మిత్రు డొక డనుచుండును.

మారే చిత్రించిన పక్షులలో గూడబాతు కలదు. అది రెక్కలు మడచుచు దిగు తీరును ఆయన ఒకే ప్లేటుపై వరుసగా నిలిపెను. ఇందులో మాకు పాఠముగా నిలిచిన సూక్ష్మ మొకటి కలదు. ఆయన తెల్లని పక్షిని నల్లని తెర ముందు ఎగురనిచ్చెను. నల్లని భాగము ప్లేటును మేల్కొల్పదు. తెలుపు మాత్రమే ముద్రపడును. వెలుతురును ఆయన ఆ తెలుపునకై నిర్ణయించెను, తెరకై కాదు. తేలినీలాపురమున చింతాకుల చీకటియే మారే నల్లతెర. మేము చేసిన తప్పు, ఆ తెరకు వెలుతురు లెక్కకట్టుట.

ఇంతలో లిస్సా పట్టణమున ఒట్టోమార్ అన్‌షుట్జ్ అను జర్మను ఛాయాగ్రాహకుడు 1884లో తెల్లకొంగల నెగురుచుండగాను, గూటికి చేరుచుండగాను తీసెను. ప్లేటునకు ముందుగనే సన్నని చీలికగల తెర యొకటి దుముకునట్లు షట్టరు నేర్పరచి, సెకనులో సుమారు 1000వ వంతు కాలమును సాధించెను. రెక్కచివరి ఈకలు విడివిడిగా కనబడిన చిత్రము లవి. మనిషి యెగురుటకు మార్గము వెదకుచుండిన ఒట్టో లిలియెంతాల్ ఈ చిత్రములనుండి ప్రేరణ పొందెనందురు. ఆయన 1889లో ప్రకటించిన గ్రంథమునకు కొంగ యెగురు తీరే ఆధారము. నేటి విమానమునకును, ఆనాటి కొంగ ఫోటోకును నడుమ ఈ సెకనులో 1000వ వంతు నిలిచియున్నది. ఈ సంఖ్య మన జ్ఞాపకములో నుండదగినది. పెద్దరెక్కల పక్షి యెగురునప్పుడు నేటికిని ఆరంభించదగిన అంకె ఇదియే.

వేగము చిక్కినను దూరము చిక్కలేదు. అన్‌షుట్జ్ కొంగలు మనుషుల యిండ్లపై కాపురముండు మచ్చికగల పక్షులు. అడవిపక్షిని చిత్రింపగోరువాడు దాని గూటియొద్దకే పోవలసివచ్చెను. 1895లో ఇంగ్లండులో ఆర్. బి. లాడ్జ్ గూటిపై కూర్చున్న ఒక చితవపక్షి చిత్రమునకు రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ పతకము పొందెను. అదే సంవత్సరము యార్క్‌షైరునకు చెందిన కియర్టన్ సోదరులు, రిచర్డ్, చెర్రీ అనువారు, పక్షిగూళ్ళను గూర్చి ఛాయాచిత్రములతోనే నిండిన గ్రంథమును వెలువరించిరి. పక్షిని మోసగించుటకు వీరు పడిన పాట్లు చెప్ప నలవికాదు. 1900లో ఎద్దుతోలును నింపి బోలుయెద్దును చేసి, దాని కడుపులో దూరి కెమెరా నెత్తిరి! మన గంగిరెద్దులవారు చూచియున్న, తమ వృత్తికి సీమలో పోటీ వచ్చెనని నవ్వియుందురు.

ఎద్దు వేషము ముచ్చటయే. కాని ఆ కాలపు పద్ధతులలో ముచ్చటగానివియు నుండెను. గూడు చక్కగా కనబడుటకై చుట్టునున్న కొమ్మలను వంచి కట్టుట, నరకుట పరిపాటి. నీడ తొలగిన గూటిపై ఎండ పడును. గ్రద్దకు, కాకికి దారి కనబడును. చిత్రము ప్రదర్శనశాలకు, పిల్ల కాకినోటికి.

దూరమును జయించు సాధనము అప్పటికే పుట్టియుండెను. 1891లో ఇంగ్లండున థామస్ డాల్‌మేయరును, జర్మనీలో అడాల్ఫ్ మీతె, అడాల్ఫ్ స్టైన్‌హైల్ అనువారును, ఒకరితో నొకరికి సంబంధము లేకయే టెలిఫోటో లెన్సును రూపొందించిరి. దీని గణితము సుళువైనది. 50 మిల్లీమీటర్ల సాధారణ లెన్సుతో 5 మీటర్ల దూరమునుండి పక్షి యెంత పరిమాణమున పడునో, 400 మిల్లీమీటర్ల లెన్సుతో 40 మీటర్లనుండి అంతే పడును. అనగా గూటిక్రింద నిలువవలసిన వాడు వీధి చివరన నిలువవచ్చును.

ఐతే ఆ సాధనము చాలకాలము ఆశగానే మిగిలినది. పెద్దగా చూపు లెన్సు చేతి వణకును సైతము పెద్దగా చూపును. అనుభవజ్ఞులు దీనికొక సూత్రము కల్పించిరి: లెన్సు పొడవు ఎన్ని మిల్లీమీటర్లో, షట్టరు సెకనులో కనీసము అన్నవ వంతైన నుండవలెను. 400 మిల్లీమీటర్లకు 400వ వంతు. ఆనాటి టెలిఫోటోల ద్వారమేమో ఇరుకు, ప్లేటు మందము. వెలుతురు చాలదు. కనుక మూడుకాళ్ళ స్టాండు వేసి, కదలని పక్షికై కాచుకొనుట తప్ప గతిలేదు.

రంగుల ఫిలుము వచ్చినప్పుడు కష్టము మరల మొదటికి వచ్చెను. ఈ లెక్కను పాఠకులు స్వయముగా వేసి చూడవచ్చును. ఎండ బాగుగా కాయునప్పుడు ఎఫ్ 16 ద్వారముతో, ఐ.ఎస్.ఓ. సంఖ్య ఎంతయో సెకనులో అన్నవ వంతు చాలునని పాత సూత్రము. ద్వారము 16 నుండి 11కు, 8కి, 5.6కు తెరచుకొలది ఒక్కొక్క మెట్టునకు వెలుతురు రెండింతలగును. 1936లో స్థిరచిత్రములకు అందుబాటులోనికి వచ్చిన కోడాక్రోము ఫిలుము చురుకుదనము సుమారు 10. ఎఫ్ 16 వద్ద సెకనులో 10వ వంతు, ఎఫ్ 5.6 వద్ద 80వ వంతు. పండుటెండలోనే ఇట్లుండగా, 400 మిల్లీమీటర్ల లెన్సు చేతబట్టి ఎగురు కొంగను రంగులలో తీయుట కలలోని మాట.

మన దేశమున ఈ విద్యను పెంచినవారు ఈ పరిమితులలోనే పనిచేసిరి. ఈస్టిండియన్ రైల్వే యుద్యోగి ఇ. హెచ్. ఎన్. లోథర్ గూళ్ళయొద్ద చాటుగుడారములు వేసి చిత్రించిన అనుభవములను 1949లో గ్రంథముగా వెలువరించెను. సింగపూరు శ్రీమంతుడు లోక్ వాన్ థో డాక్టరు సలీం అలీతో కలిసి ఈ దేశమున పర్యటించి, 1957లో తన చిత్రములను పుస్తకముగా తెచ్చెను. 1964లో విమానప్రమాదమున మరణించెను. మద్రాసు వాసి ఎం. కృష్ణన్ ప్రధానముగా నలుపు తెలుపులనే నమ్ముకొని, వేర్వేరు భాగములను కూర్చి తానే చేసికొన్న బరువైన కెమెరాకు ‘సూపర్ పాండెరోసా’ అని సరసముగా పేరుపెట్టెను. చిత్రము గొప్పదనముకంటె జంతువు నెమ్మదియే ముఖ్యమని ఆయన వ్రాతలు చదివినవారికి తెలియును.

ఆంధ్రదేశమునకు సంబంధించిన ఘట్ట మొకటి యిందు కలదు. మన గూడబాతు దక్షిణభారతమున ఎచట పిల్లలను కనుచున్నదో చాలకాలము శాస్త్రజ్ఞులకు సరిగా తెలియదు. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో కడప జిల్లా బుచ్చుపల్లెలో గూళ్ళున్నట్లు నమోదైనది. తరువాత అవి లేకుండపోయెను. 1946లో కె. కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతమున, పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున, పెద్ద గూడబాతుల నివాసమును కనుగొని, 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించెను. అస్సాము తేయాకు తోటల యజమాన్యములో నుండి వన్యప్రాణుల ఛాయాగ్రాహకుడుగా పేరొందిన ఇ. పి. జీ 1960లో అదే పత్రికలో ఈ పక్షుల సంతానమును గూర్చి వ్రాసెను. 1970వ దశకములో ఆ నివాసము శూన్యమైనది. కొల్లేటి ఆటపాకలో గూడబాతులు మరల గూళ్ళు పెట్టుట తరువాతి కథ. అందుచేత తేలినీలాపురపు చింతచెట్టుపై కనబడు గూడు ఏటేటా తప్పక వచ్చు వస్తువని ఎవ్వరును అనుకొనరాదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఈ ప్రాంతపు చెట్ల నెట్లు కూల్చినదో ఉద్దానమువారి నడిగిన చెప్పుదురు.

ఇక నేటి సంగతి. ఫిలుము స్థానమున ఎలక్ట్రానిక్ ఫలకము వచ్చిన తరువాత మూడవ అంకె అడ్డు తొలగినది. ఐ.ఎస్.ఓ. 800, 1600 అనునవి నేడు సామాన్యములు; చిత్రమునుండి చిత్రమునకు మార్చుకొనవచ్చును. పక్షి కంటిని తానై గుర్తించి దానిపై దృష్టి నిలుపు కెమెరాలును వచ్చినవి. ఐనను వెలుతురు కొలుచు ముల్లు మాత్రము పాత భ్రమను విడువలేదు. అది ప్రపంచమంతయు నడిమి బూడిదరంగని నమ్మును. పంచె చట్రము నిండా తెల్లగా నుండగా ‘ఇది మితిమీరిన వెలుతురు’ అని తగ్గించినది, పంచె మాసినది. చట్రము నిండా చింతాకు నల్లగా నుండగా ‘ఇది చాలని వెలుతురు’ అని పెంచినది. నడుమ కొంగ మండినది. మా ధ్వనిముద్రణ గదిలోని సూచికయు ఇట్టిదే. శంఖమునకును, ముసలమ్మ జోలపాటకును అది ఒకే న్యాయము చూపును, వినువాడు సవరించుకొనవలెను.

సవరణ యెట్లన, తెలుపు చట్రమును నింపినచో యంత్రము చెప్పినదానికంటె ఒక మెట్టు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి పెంచవలెను. చీకటి ఆకుల ముందు తెల్లపక్షి చిన్నదిగా నున్నచో ఒకటి రెండు మెట్లు తగ్గించవలెను. తెల్లని ఆకాశము ముందు ఎగురు పక్షికి మరల పెంచవలెను, లేకున్న అది నల్లని నీడయగును. ఒకే పక్షి గూటినుండి లేచి ఆకాశములోనికి పోవు రెండు క్షణములలో యంత్రపు తీర్పు ఇట్లు తలక్రిందులగును; దానిపై పడు ఎండ మాత్రము మారదు. కావున ఎండ నిలుకడగా నున్నప్పుడు మూడంకెలను చేతితోనే నిలిపివేయుట మేలు. ఉదయము ఎనిమిది గంటల ఎండలో, 400 మిల్లీమీటర్ల లెన్సుతో మేము ఐ.ఎస్.ఓ. 400, ఎఫ్ 5.6, సెకనులో 1600వ వంతు అని మొదలుపెట్టి, కొంగ రొమ్ముపై ఈకలు కనబడునంతవరకు సరిదిద్దుకొందుము. తెలుపు మండినచో ఆ ఈకలు తిరిగి రావు. నీడలోని ఆకులు కొంత నల్లబడినను నష్టము లేదు.

ద్వారపు అంకెను గూర్చియు ఒక మాట. టెలిఫోటో లెన్సుతో స్పష్టముగా వచ్చు లోతు మిక్కిలి కొద్ది. ఎఫ్ 5.6 వద్ద 20 మీటర్ల దూరపు పక్షికి ఆ లోతు సుమారు 80 సెంటీమీటర్లు. 10 మీటర్లకు పోయిన, 20 సెంటీమీటర్ల చిల్లర మాత్రమే. గూడబాతు ముక్కే ఒక అడుగు పొడవుండును! అది మన వైపు మొగము త్రిప్పినపుడు, దగ్గరకు పోయినవానికి కన్ను స్పష్టమైన ముక్కుకొన మసకబారును. ఆనాడు చెట్టు మొదటికి పోయి మేము బాగుచేయజూచినది, శాస్త్రప్రకారము మరింత చెడునదే. ఎండ ముదిరిన తరువాత నేల వేడికి గాలి అలలవలె కదలును. దూరపు చిత్రము చెమర్చినట్లుండును. దానికి ఏ అంకెయు మందు కాదు. తొమ్మిదిన్నరకు కెమెరా సంచిలో పెట్టుటయే మార్గము.

ఆ వృద్ధుని అరుగుమీదనే కూర్చుండి, ఆయన అనుమతితో, మరొక పర్యాయము చిత్రములు తీసితిమి. అరుగునుండి చెట్టునకు ముప్పదియైదు నలువది మీటర్లుండును. ఒక్క పక్షియు తల త్రిప్పలేదు. పెద్దాయన కెమెరా తెరను చూచి, గూటిలోని పిల్లలను వ్రేలితో లెక్కించి, “మూడు” అనెను. మేము రెండే యనుకొనియుంటిమి.

వర్షకాలమున ఇచ్ఛాపురము సమీపముననున్న తేలుకుంచికి పోవువారికి అంకెలు వేరగును. తొలకరితో గుల్లకొంగలు ఆ యూరి చెట్లపై చేరి గూళ్ళు కట్టును. అవి వచ్చిన వానలు వచ్చునని అచటివారి నమ్మిక. మబ్బు పట్టిన దినమున ఎండకంటె మూడు నాలుగు మెట్లు వెలుతురు తక్కువ. ద్వారము ఎఫ్ 5.6 కంటె తెరువరానిచో, వేగమును చంపక ఐ.ఎస్.ఓ.ను 1600కు, 3200కు పెంచుటయే తగును. చిత్రమున ఇసుకరేణువులవంటి గరుకు కొంత కనబడును. కదలి చెరిగిన చిత్రముకంటె అది నయము. మబ్బు వెలుతురులో నీడలు మెత్తబడి, ఎండలో మండెడు తెలుపు నిదానించును. నత్తల తిండికి అనువుగా గుల్లకొంగ ముక్కు నడుమ సన్నని సందు కలదు. పిల్లలకది యుండదు, ఎదిగినకొలది ఏర్పడును. గూటిపై నిలిచిన పక్షి ప్రక్కకు తిరిగినప్పుడు, ఒక మెట్టు పెంచి తీసినచో, ఆ సందులోనుండి ఆవలి మబ్బు తెల్లగా కనబడును.